గడ్డ తీశాక

"కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి వదినగారూ. ఈ తెలంగాణ సమ్మె రోజుల్లో ఆటోలో బడంగ్‌పేట దాకా ఎలా తీసుకెళ్తారు? ఆ గుంతల్లో కుదుపులకి ఏమన్నా అయితే?"

"మెల్లగ తోల్కపోత. నా బిడ్డను నేను కింద పడేసుకుంటనా?"

అండాలమ్మ చెప్పులు గడప బయటే విడిచింది కానీ, చేతిసంచి మాత్రం కింద పెట్టలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు. సూర్యప్రభ వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది, కోడల్ని ఎవరో ఆ దారినే ఎత్తుకుపోతారన్నట్టు.

లోపలి గదిలో స్వర్ణలత మంచం మీద పడుకుని పైకప్పు చూస్తోంది. ఆమెను కన్న తల్లికీ, ఆమె అత్తగారికీ మధ్య ఒక పలచని తలుపు మాత్రమే ఉంది. ఆ తలుపు కూడా ఓరగానే ఉంది.

"ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఉప్పు చూసి చూసి వేస్తున్నాను. మీ ఇంటికి తీసుకెళ్తే పచ్చళ్లు పెడతారు. మళ్లీ బీపీ పెరిగితే ఎవరిది బాధ్యత?"

"మా ఇంట్ల ఉప్పుకారం తినే ఇంత పెద్దదయింది. అప్పుడు లేని బీపీ ఈ ఇంటికొచ్చినంకనే ఎట్ల ఒచ్చె?"

"ఇంటర్ చదివేటప్పటి నుంచే తలనొప్పులుండేవని మీరే కదా చెప్పారు!"

"గది తలనొప్పి. సదువుతాంటె తల నొయ్యదా?"

ఈ మాటలు వాళ్లు ఇప్పటికి చాలాసార్లు అనుకున్నారు. ఎవరి తర్వాత ఎవరు ఏం అనాలో ఇద్దరికీ తెలుసు.

స్వర్ణలత బీపీకి పెళ్లయిన నాటి నుంచి తలా ఒక కారణం చెబుతూ వచ్చారు. సూర్యప్రభ ఎల్బీ నగర్‌లోని టీచర్ల దీక్షా శిబిరం అంది; స్వర్ణలత బడిలో టీచరు. "పొద్దస్తమానం అక్కడ నినాదాలిస్తూ కూర్చుంటే బీపీ రాక ఏమొస్తుంది?" అంది. అండాలమ్మ ఆంధ్రావాళ్ల ఇంటికి పిల్లనివ్వడమే అంది. వీధి చివరి డాక్టరు టెన్షన్ అన్నాడు, కోపం తగ్గించుకోమన్నాడు, మాత్ర పెంచాడు. ఆ తర్వాత ఇంకో మాత్ర కలిపాడు. బీపీ మాత్రం దిగలేదు.

అసలు కారణం బయటపడింది స్వర్ణలత పడిపోయిన రోజున. బ్యాంకులో పనిచేసే ఆమె భర్త వంశీకృష్ణ బెజవాడ బ్రాంచికి బదిలీ పెట్టుకున్నాడు. రాష్ట్రం విడిపోతే ఇక్కడ ఉండలేమని అతనూ, తండ్రి శ్రీరామమూర్తీ కలిసి చేసుకున్న నిర్ణయం అది. ఆ సంగతి స్వర్ణలతకు మొగుడి నోటి నుంచి కాక, అతని స్నేహితుడి భార్య నోటి నుంచి తెలిసింది. ఆ సాయంత్రం ఆమె అరిచిన అరుపులకు ఎదురు ఫ్లాటువాళ్లు తలుపు తీసి చూశారు. "నేను రాను, నేను రాను" అంటూనే కూలిపోయింది.

ఎల్బీ నగర్‌లో చేర్చిన ఆసుపత్రిలో ఒక కుర్ర డ్యూటీ డాక్టరు ఆమె రక్తంలో పొటాషియం మరీ తక్కువగా ఉండటం చూసి అనుమానపడ్డాడు. స్కాన్ తీయించాడు. ఎడమ కిడ్నీ అంచున ఉసిరికాయంత గడ్డ. అది రెనిన్ అనే హార్మోన్‌ను ఒంట్లోకి వదులుతోందనీ, బీపీని ఎక్కదోస్తున్నది అదేననీ చెప్పారు. గడ్డనూ, దాని చుట్టూ కొంచెం కిడ్నీనీ కోసి తీసేశారు. మర్నాటి నుంచి స్వర్ణలత బీపీ మామూలుగా ఉంది. ఒక్క మాత్ర కూడా లేకుండా.

అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ బెజవాడ మాట ఎత్తలేదు. సూర్యప్రభ తెప్పించిన అట్టపెట్టెలు మాత్రం మడతలు విప్పకుండా హాల్లో గోడకు ఆనించి ఉన్నాయి.

బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్న వంశీకృష్ణ లోపలికొచ్చాడు.

"సర్జన్ గారు చేశారు. గడ్డ రిపోర్టు గురించి."

"ఒచ్చిందా?" అంది అండాలమ్మ.

"వచ్చినట్టే. కానీ వాళ్ల ల్యాబ్‌లో ఇద్దరు డాక్టర్లకి మాట కలవలేదట. ఒకాయన... క్యాన్సర్ కావచ్చు అంటున్నాడట."

అండాలమ్మ అప్పుడు సంచి కింద పెట్టింది.

"హార్మోన్ గడ్డ అన్నారు కదరా?" అంది సూర్యప్రభ.

"హార్మోన్ వదిలిన మాట నిజమే. కానీ ఎక్కడో ఒకటీ అరా క్యాన్సర్లు కూడా ఆ హార్మోన్ వదులుతాయట. అలాగని తేలితే ఆ ఎడమ కిడ్నీలో మిగిలింది కూడా తీసెయ్యాలి అంటున్నారు."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. స్వర్ణలత ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో కుట్ల దగ్గర చీర పట్టుకుని నిలబడింది.

"నాతోని చెప్పు వంశీ. నా కిడ్నీ గదా."

అతను చెప్పాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో డాక్టర్ నాగేశ్వరి అని ఒక పెద్దావిడ ఉంది. గడ్డల్ని కోసి మైక్రోస్కోపు కింద చూసి రోగమేమిటో తేల్చే డాక్టరు. ఒకప్పుడు ప్రొఫెసర్. కిడ్నీ గడ్డల విషయంలో ఆవిడ చెప్పిందే ఆఖరు మాట అని సర్జన్ నమ్మకం. ఆసుపత్రి నుంచి స్లైడ్లూ, గడ్డ ముక్కల్ని పొదిగి పోతపోసిన మైనపు దిమ్మలూ తీసుకెళ్లి ఆవిడకు చూపించాలి.

"ఎప్పుడు పోతవు?"

"ఇవాళ నాకు కుదరదు. బ్యాంకులో ఛార్జి అప్పగించా..." అంటూ ఆగిపోయాడు.



"ఛార్జి ఎందుకు అప్పగిస్తవు?" అంది స్వర్ణలత.

"ఆర్డర్ వచ్చింది. సోమవారం చేరాలి. నీకు నెమ్మదిగా చెబుదామనుకున్నా."

అందరూ చూడాల్సింది అతనికేసి. కానీ అందరూ స్వర్ణలతకేసి చూశారు. సూర్యప్రభ గబగబా బీపీ మిషన్ తెచ్చింది. స్వర్ణలత ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. పట్టీ ఉబ్బింది, బుస్సుమని దిగింది.

"నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు," అంది సూర్యప్రభ.

"మంచిగున్నది," అంది అండాలమ్మ నమ్మలేనట్టు.

స్వర్ణలత లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నెమ్మదిగా వేసుకుంది. ఒకప్పుడైతే ఆ తలుపు చప్పుడు కింద వాచ్‌మన్‌కి కూడా వినిపించేది.

మూల కుర్చీలో పేపరు చాటున కూర్చున్న శ్రీరామమూర్తి అప్పుడు పేపరు మడిచాడు. ఆయన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. "నువ్వు బ్యాంకుకెళ్లరా. ఆ స్లైడ్లూ దిమ్మలూ నేను తెచ్చి చూపిస్తాను," అన్నాడు.

"ఎలా తెస్తారు? బస్సులు లేవు."

శ్రీరామమూర్తి బాల్కనీలోకి వెళ్లి కిందికి చూశాడు. గేటు దగ్గర స్వర్ణలత తండ్రి బాల్‌రాజ్ తన బండి పక్కన నిలబడి ఎవరో ఆటో మనిషితో మాట్లాడుతున్నాడు. ఆపరేషన్ నాటి నుంచి ఆయన పైకి రావడం మానేశాడు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో వియ్యంకులిద్దరూ మాటామాటా అనుకున్నారు. "మీరు పోతే పోండ్రి. నా బిడ్డను తోల్కపోకుండ్రి" అన్నాడు బాల్‌రాజ్. "పెళ్లి చేసి పంపాక ఆ అమ్మాయి మా కోడలు" అన్నాడు శ్రీరామమూర్తి. అంతే, మళ్లీ మాటల్లేవు.

శ్రీరామమూర్తి చొక్కా మార్చుకుని మెట్లు దిగాడు.

* * *

విషయం విన్నాక బాల్‌రాజ్ బండి స్టాండు తీశాడు. ఆటోవాణ్ణి పొమ్మన్నాడు.

"ఎక్కు బావా," అన్నాడు.

ఎల్బీ నగర్ చేరారు. జిల్లాల బస్సులతో కిటకిటలాడే చౌరస్తా సమ్మెతో బోసిగా ఉంది. ఆసుపత్రి ల్యాబ్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె ఇచ్చారు. అందులో స్లైడ్లు, మైనపు దిమ్మలు. శ్రీరామమూర్తి దాన్ని చేతిరుమాల్లో చుట్టి, తిరిగి బండి ఎక్కాక ఒడిలో రెండు చేతులా పట్టుకున్నాడు.

కొత్తపేట దగ్గర రోడ్డు మూసుకుపోయింది. వంటావార్పు. సమ్మెలో ఉన్నవాళ్లు నడిరోడ్డు మీద రాళ్లపొయ్యిలు పెట్టి గుండిగలు ఎక్కించారు. ఒక పక్క ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు, ఒక పక్క డప్పులు. బండ్లన్నీ వెనక్కి తిరుగుతున్నాయి.

"జర తొవ్వ ఇయ్యుండ్రి తమ్మీ. దవాఖాన పని," అన్నాడు బాల్‌రాజ్.

మెడలో కండువా వేసుకున్న యువకుడు నవ్వాడు. "ఇస్తం కాకా. తిని పోండ్రి. తినకుంట ఎవ్వరిని పోనిస్తలేం."

శ్రీరామమూర్తి ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఈ మధ్య ఆయన బయట మాట్లాడటం తగ్గించాడు. 'అండీ' అనగానే ఎవరైనా తలతిప్పి చూస్తారేమోనని ఆయనకు భయం. కూరగాయల బండి దగ్గర కూడా వేలు చూపిస్తాడు తప్ప పేరు చెప్పడు.

వడ్డించే ఆవిడ విస్తరాకులో అన్నం పెట్టి ఆయన ముందుకొచ్చింది. గరిటె నిండా పప్పు ముంచింది.

"కొద్దిగా చాలండీ," అన్నాడాయన, ఆపుకోలేక.

గరిటె ఆగింది. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. శ్రీరామమూర్తి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కొద్దిగెందుకు సారూ? మొగం జూస్తె పొద్దుగాల్నుంచి ఏం తిన్నట్టు లేరు," అని ఆవిడ గరిటెడూ ఒంపేసి పక్కవాళ్ల దగ్గరికి పోయింది.

పెట్టె ఒక చేతిలో ఉంది, ఆకు ఒక చేతిలో ఉంది. ఇక తినడానికి చెయ్యి లేదు.

"నాకియ్యి, పట్టుకుంట," అన్నాడు బాల్‌రాజ్.

"ఫరవాలేదు బావగారూ. నా దగ్గరుండనివ్వండి."

"నా బిడ్డది గదా అండ్ల ఉన్నది."

"మా కోడలిది కూడా కదా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి బండి సీటు మీద పెట్టె పెట్టి, చెరోపక్కా నిలబడి తిన్నారు. తిన్నంతసేపూ ఇద్దరి చూపూ దాని మీదే ఉంది. చేతులు కడుక్కున్నాక, కండువా కుర్రవాడు ముందు నడుస్తూ జనాన్ని పక్కకు జరిపి వాళ్ల బండిని అవతలికి దాటించాడు.

* * *

డాక్టర్ నాగేశ్వరి ల్యాబ్‌లో కరెంటు లేదు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండటంతో కోతలు ఎప్పుడు పడితే అప్పుడు. ఆవిడ అద్దంతో వెలుతురు పట్టే పాత మైక్రోస్కోపును కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. తెల్లటి జుట్టు, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు.

స్లైడ్లు ఒకటొకటిగా చూసింది. చూసినవన్నీ మళ్లీ మొదటి నుంచి చూసింది. బల్ల మీద కూర్చున్న ఇద్దరికీ ఆవిడ వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపును బట్టి ఏమన్నా తెలుస్తుందా అన్నట్టు ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

"ఈ దిమ్మ నుంచి ఇంకో పొర కోసి వేరే రంగు వేసి చూడాలి," అంది చివరికి. "ఆలస్యమవుతుంది. వెళ్లి టీ తాగి రండి."

"డాక్టరమ్మా, జర ఏమన్న..."

"చూడకుండా చెప్పను నాన్నా. వెళ్లి రండి."

సందు మొదట్లో ఉన్న టీకొట్టు దగ్గర నిలబడ్డారు. బాల్‌రాజ్ గ్లాసు పట్టుకున్నాడే కానీ తాగలేదు.

"నిజంగనే పోతరా బావా?"

"పోక ఏం చేస్తాం?"

"మా పొలం ప్లాట్లు జేసి అమ్మితే కొన్నోళ్లంత మీ దిక్కోళ్లే. అందరు ఆడనే ఇండ్లు కట్టుకున్నరు. ఎవడన్న ఎల్లగొట్టిండా?"

"ఎవరూ వెళ్లగొట్టలేదు బావగారూ. వెళ్లగొడతారేమోనని రోజూ ఎదురుచూడటం ఉంది చూశారూ, అది భరించలేకపోతున్నాను."

రోడ్డు మీద పిల్లలు కొందరు జై తెలంగాణ అంటూ సైకిళ్ల మీద పోయారు. శ్రీరామమూర్తి గ్లాసుతో సహా కొట్టు నీడలోకి ఒక అడుగు జరిగాడు. అది బాల్‌రాజ్ చూశాడు. ఇన్నాళ్లలో ఆ భయాన్ని ఆయన దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"అక్క ఏమంటది మరి?" అన్నాడు.

"సూర్యప్రభా? ఆవిడకి ఎక్కడైనా ఒకటే. బెజవాడలో మా అన్నయ్యగారి ఇల్లు పెద్దది. ఇక్కడికి రాకముందు ఆవిడ కాపురం అక్కడే. అందరం కలిసే ఉండొచ్చు."

"అడిగినవా?"

"అడిగేదేముంది?" అన్నాడు శ్రీరామమూర్తి, ఆ ప్రశ్న అర్థంకానట్టు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

నాగేశ్వరి కుర్చీ పక్కకు జరుపుకుంది. "ముందు మాట ముందు చెప్తాను. ఇది క్యాన్సర్ కాదు," అంది.

శ్రీరామమూర్తి చేతిరుమాలు కోసం జేబులన్నీ వెతికాడు. అది పెట్టెతో పాటు డాక్టరు బల్ల మీదే ఉన్న సంగతి ఆయనకు గుర్తురాలేదు.

"ఇటు రండి. చూడండి."

బాల్‌రాజ్ ఒంగి కన్ను పెట్టాడు. మొదట ఆయనకు తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత మసక విడింది. లేత గులాబీ, ఊదా రంగుల్లో లెక్కలేనన్ని చుక్కలు, వాటి మధ్య కొమ్మలుగా చీలిన సన్నటి దారులు.

"కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి గొట్టాల గోడల్లో కొన్ని కణాలుంటాయి," అంది నాగేశ్వరి. "ఒంట్లో రక్తపోటు తగ్గితే అవి కనిపెట్టి రెనిన్ వదులుతాయి. బీపీ మళ్లీ లేస్తుంది. దెబ్బ తగిలి రక్తం పోయినప్పుడు మనిషిని నిలబెట్టేది అదే. ఈ గడ్డంతా ఆ కణాలే. బీపీ ఎంత పెరిగినా వీటికి మాత్రం తగ్గినట్టే లెక్క. వదులుతూనే ఉన్నాయి."

"పొటాషియం పడిపోయింది కూడా అందుకేనా అండీ?" అన్నాడు శ్రీరామమూర్తి. పాఠం చెప్పిన గొంతు ఎన్నాళ్లకో తిరిగొచ్చింది.

"అందుకే. రెనిన్ వెళ్లి ఇంకో హార్మోన్‌ను లేపుతుంది. అది పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తుంది. కాళ్లు లాగేయడం, నీరసం అన్నీ దానివల్లే."

"మరి ఆ డాక్టరు క్యాన్సర్ అని ఎందుకన్నడు?"

"ఆయన్ని తప్పు పట్టలేం. రక్తనాళాలు ఇంత గుబురుగా ఉంటే అనుమానం వస్తుంది. చాలామంది డాక్టర్లకు ఈ గడ్డ జన్మలో ఒక్కసారి కూడా కనపడదు. నేను చూడటం ఇది రెండోసారి. కానీ కణాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, ఎక్కడా పక్కకు పాకలేదు. గీత గీసినట్టు అంచు ఉంది. ఇప్పుడు వేసిన రంగుతో కణాల్లో గులాబీ నలకలు తేలాయి. రెనిన్ దాచుకునే సంచులవి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఆ సంచుల్లో కోణాలు తేలిన స్ఫటికాలు కనిపిస్తాయి. అక్కడికీ పంపి, రాసిస్తాను. ఇక కిడ్నీ తియ్యక్కర్లేదు. ఏటా ఒకసారి చూపించుకుంటే చాలు."

బాల్‌రాజ్ ఇంకా మైక్రోస్కోపు దగ్గరే ఉన్నాడు.

"డాక్టరమ్మా, ఒక్క మాట. మా బిడ్డకు చిన్నప్పటిసంది కోపం బాగ. ఎంత చెప్పినా ఇనకపోయేది. ఆడపిల్లకు గింత కోపమేందని మేమందరం అనేటోళ్లం. గది గూడ ఈ గడ్డతోనేనా?"

నాగేశ్వరి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"గడ్డ బీపీ పెంచుతుంది. తలనొప్పి తెస్తుంది, ఒంట్లో సత్తువ లాగేస్తుంది. అవన్నీ ఉంటే ఎవరికైనా చిరాకే. కానీ ఆ అమ్మాయికి దేని మీద కోపమొచ్చిందో, అది న్యాయమో కాదో నాకు ఈ స్లైడులో కనపడదు. అది ఆ అమ్మాయినే అడగండి."

* * *

బాల్‌రాజ్ ఆ సాయంత్రం మెట్లెక్కి పైకి వచ్చాడు.

శ్రీరామమూర్తి కోడలి మంచం పక్కన కుర్చీ వేసుకుని, గాల్లో వేలితో కిడ్నీ బొమ్మ గీస్తూ మొత్తం చెప్పాడు. అండాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సూర్యప్రభ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పొద్దున ఒకరితో ఒకరు పోట్లాడింది వాళ్లేనంటే ఎవరూ నమ్మరు.

"ఎన్నేండ్ల నుంచి ఉన్నదట అది?" అడిగింది స్వర్ణలత.

"కచ్చితంగా చెప్పలేమందమ్మా. చాలా ఏళ్లే అయి ఉండొచ్చంది."

"అంటే మా పెండ్లికి గూడ ఒచ్చిందన్నట్టు," అని స్వర్ణలత నవ్వబోయి, కుట్లు లాగి ఆపుకుంది. ఆపుకున్నాక ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి ఏడ్చింది.

వంశీకృష్ణ వచ్చేసరికి చీకటి పడుతోంది. సంగతి ఫోన్లోనే విన్నాడు. మంచం అంచున కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నా వల్లే పడిపోయావనుకున్నాను ఇన్నాళ్లూ."

"నీ వల్ల కాదు. గడ్డ వల్ల పడ్డ."

అతని మొహం తేలికపడింది.

"కోపం మాత్రం నీ మీదనే ఒచ్చింది," అంది.

అతను చెయ్యి వదల్లేదు. కానీ పట్టు సడలింది. "ఆ రోజు రానన్నావు. బీపీలో అన్నావని అందరం అనుకున్నాం."

"బీపీలోనే అన్న. ఇప్పుడు బీపీ లేదు. ఇప్పుడు గూడ గదే అంటున్న. నేను రాను."

ఆమె గొంతు పెరగలేదు. హాల్లో ఉన్నవాళ్లు చెవులు రిక్కిస్తే తప్ప వినపడదు. ఆమె అరిచినప్పుడు ఏం చెయ్యాలో వంశీకృష్ణకు తెలుసు. నీళ్లివ్వడం, ఫ్యాన్ పెంచడం, తర్వాత మాట్లాడదాం అనడం. ఇలా మెల్లగా మాట్లాడే స్వర్ణలతతో ఏం చెయ్యాలో తెలియలేదు.

"నీ మంచికే కదా..."

"నువ్వు నన్ను అడిగుంటె ఒస్తుంటినేమో వంశీ. నాకు తెల్వదు. మీ నాయిన భయం నాకు అర్థమైతది. రోజు ఇంట్ల చూస్తనే ఉన్న. కానీ అడగలేదు గదా నువ్వు."

గుమ్మంలో అండాలమ్మ నిలబడి ఉంది. "ఇగ చాలు. నడువు బిడ్డా, మనింటికి పోదాం. ఆయిన పోతే పోనీ."

"లేదమ్మా. బడంగ్‌పేట గూడ రాను. ఈడనే ఉంట. ఇది నా ఇల్లు. సమ్మె అయిపోతే బడికి పోత."

బాల్‌రాజ్ భార్య మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఏమీ అనవద్దన్నట్టు తల ఊపాడు.

వంశీకృష్ణ లేచి హాల్లోకి వచ్చాడు. తండ్రి కేసి చూశాడు. శ్రీరామమూర్తి మడిచిన పేపరునే మళ్లీ మడుస్తున్నాడు.

"సోమవారం నేను వెళ్లక తప్పదు. మీరూ నాతోనే వస్తారాయె. ఈ ఒంటితో ఒక్కతే ఈ ఫ్లాట్లో ఎలా ఉంటుంది నాన్నా? అమ్మా, నువ్వైనా చెప్పవే దానికి."

సూర్యప్రభ కాఫీ గ్లాసులు కడిగి బోర్లిస్తోంది. చివరి గ్లాసు కూడా బోర్లించి, చేతులు తుడుచుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్కతే ఎందుకుంటుందిరా?" అంది. "నేనుంటాను."

వంశీకృష్ణకు వెంటనే అర్థం కాలేదు. "కుట్లు మానేదాకానా?"

"కాదు. నేనూ బెజవాడ రావట్లేదు. మీ పెదనాన్నగారి ఉమ్మడింట్లోకి మళ్లీ వెళ్లలేను నేను."

లోపల మంచం కిర్రుమంది. స్వర్ణలత లేచి కూర్చున్నట్టుంది.

"ఏం మాట్లాడుతున్నావు ప్రభా?" అన్నాడు శ్రీరామమూర్తి. "ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అన్నావా?"

సూర్యప్రభ ఆయన కేసి నింపాదిగా చూసింది. ఆమె మొహంలో కోపం లేదు.

"నాకెప్పుడూ బీపీ రాలేదండీ," అంది. "అందుకే నన్నెవరూ ఏమీ అడగలేదు."

శ్రీరామమూర్తి కుర్చీలోంచి లేచాడు. లేచాక ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.